సున్నా కూడా రాయాలి

ఆదివారం పొద్దున్నే లూయిస్ స్టేషన్ దాటి
సుద్దకొండ ఎక్కుతున్నాం, ముందు పోకాక్ గారు, వెనక నేను.
ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి.
ఇప్పటికీ ప్రతి మలుపులో ఆగి వెనక్కి చూస్తాడు
అందరూ ఎక్కారా అన్నట్టు.
ఎక్కింది నేనొక్కదాన్నే.

జూన్ మొదటి వారం. పదిహేడు డిగ్రీలు.
"చాలు, పదమూడు దాటితే లేస్తాయి" అన్నాడు.
మా కడపలో పదిహేడంటే
దుప్పటి ఎక్కడ పెట్టామా అని వెతుక్కుంటాం.

లెక్కకో పద్ధతుంది.
రెండున్నర మీటర్లు అటు, రెండున్నర ఇటు,
ముందు అయిదు.
కంటికి కనపడని ఆ పెట్టెలో పడ్డవే లెక్క.
దాటిపోయాక వెనక వాలింది ఎంత అందంగా ఉన్నా
రాయకూడదు.

"నీడ పడనివ్వకు"
అది మొదటి పాఠం.
నీ నీడన పదిమంది బతకాలి అని దీవించే భాషలోంచి వచ్చాను.
ఇక్కడ నా నీడ తగిలితే చాలు
ఆవగింజంత గుండె లేచిపోతోంది.
సూర్యుడికి ఎదురు తిరిగి
ఎండ్రకాయలా పక్కకి జరగడం నేర్చుకున్నాను
ఈ నలభై రెండో ఏట.

వారానికి అయిదు రోజులు బ్రైటన్ ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో
ఊపిరి తీసుకోండి, బిగపట్టండి, కదలకండి
అదే మాట, అద్దం వెనకనుంచి.
ఇక్కడ ఎవరితో చెప్పను?
మోకాళ్ళ మీద, మోచేతుల మీద, చివరికి పొట్ట మీద పడి
బిగపట్టింది నేనే.
గొర్రె పెంటికలు. నలిగిన ఏదో చిట్టి ఆకు,
అచ్చం వాము వాసన.
కళ్ళ ముందు మూత్రపిండం పేరు పెట్టుకున్న
పసుపు బూరు పువ్వు.
"ఈ పువ్వు లేకపోతే అది లేదు" అన్నాడాయన,
"గుడ్డు పెట్టేది దీని మీదే."

"మీ భాషలో వీటిని ఏమంటారు?"
చెప్పాను. విడదీయమన్నాడు.
సీత. ఆవిడ కోక. చిలుక.
"అయితే పక్షి?" కాదు.
"చీర?" అదీ కాదు.
తప్పు బస్సెక్కిన వాళ్ళని చూసి నవ్వినట్టు నవ్వి
నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు, తప్పుల్తోనే అయ్యుంటుంది.

అడోనిస్ బ్లూలు పదకొండు,
పెట్టె తీసిన కొత్త పట్టు నీలం.
మేం వెతికేది ఆ కోక కాదు.
స్మాల్ బ్లూ. బొటనవేలి గోరంత.
పేరుకే నీలం, ఉతికి ఉతికి వెలిసిన నేత చీర
మసి రంగు, అంచున కాస్త తెలుపు.
వాలింది.
నొక్కాను.
లేదు.
వాలింది, నొక్కాను, గాలి.
అరగంటలో నాకు దొరికింది
పసుపు పువ్వు, రెండువందల పద్నాలుగు సార్లు.

కొండమీద కంచె దగ్గర ఫ్లాస్కు తీశాడు.
కాగితం నా ఒళ్ళో పెట్టాడు, నింపమని.
స్మాల్ బ్లూ: మూడు.
దాని కింద వరసలో ఇంకో పేరు, ముత్యాల అంచు ఫ్రిటిలరీ,
పక్కన ఖాళీ గడి.
వదిలేసి కిందికి పోబోయాను.
"సున్నా రాయి."
పదిహేనేళ్ళుగా అది రాలేదట.
పదిహేనేళ్ళుగా, వారం వారం, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా
ఆ సున్నా ఆయన చేత్తోనే.
"ఖాళీగా వదిలితే
వెతకలేదని అర్థం."
గుండ్రంగా, తొందరపడకుండా రాశాను.
టీ చల్లారిపోయింది.

తిరుగు రైల్లో బొమ్మలు చెరిపేస్తూ కూర్చున్నాను.
పువ్వు, పువ్వు, పువ్వు, నా బూటు లేసు.
ఒక్కదాంట్లో
చుట్టూ గడ్డి అంతా కదలకుండా ఉంది
పువ్వు మాత్రం చెదిరింది
ఎవరో అప్పుడే లేచి వెళ్ళినట్టు.

ఎక్స్‌రే అయితే
క్షమించండి, కదిలారు, మళ్ళీ తీద్దాం అనేదాన్ని.