లాకుల కాడ హాజరు

ఎనిమిదో తరగతి, ముప్ఫై నలుగురు.
పుస్తకంలో ఈ పాఠం లేదు.
హెడ్మాస్టరుకిచ్చిన చీటీలో
'కాలువ సందర్శన' అని మాత్రం రాశాను.

బకింగాం కాలువంటే ఇప్పుడు తుంగ, గుర్రపుడెక్క,
రొయ్యల గుంటలు వదిలిన నురగ.
లాకు తలుపు ఒకటే మిగిలింది.
దాని తుప్పు ముట్టుకుని
పిల్లలు వేళ్ళు వాసన చూసుకున్నారు.

"ఇక్కణ్ణించే" అన్నాను.
తాత తెచ్చుకున్న మూడు తూముల వడ్లకి
మనవడు కూడా దిగిన సైదాపురం అభ్రకం గుంతల్లోంచి
మూడు రాత్రులు నడిచి వచ్చేవాళ్ళు.
పామును ఎరిగిన కాళ్ళే, దారి ఎరగవు.
దారి ఇంకెవరో ఎరుగుదురు:
తాటాకు దడి మీద మూకుడు బోర్లించి ఉంటే రావచ్చు,
వెల్లకిలా ఉంటే తెల్లారేదాకా చేలోనే.
తర్వాత మస్తాన్ సరంగు ఉప్పు పడవ.
లాకు గుమాస్తా నలభై బస్తాలని రాసేవాడు,
పులికాట్ అవతల నలభై మూడు దిగేవి.
ఊపిరాడే బస్తాలకు సుంకం లేదు.

"రుజువేంది సార్?" అంది షాహిదా.
లేదమ్మా.
కాగితం వదిలిపెట్టి పోతే
అది పారిపోవడమెట్టా అవుతుంది?

రుజువు లేదు గానీ చెంబేటి పోలమ్మ ఉంది,
కట్ట మీద బుట్ట అల్లుకుంటా.
"ఉప్పు కింద మాయమ్మ, మాయమ్మ కడుపులో నేను.
దగ్గు రాకుండా నోట్లో చింతగింజ పెట్టుకునిందంట,
లాకు కాడ బెదిరి మింగేసిందంట.
అందుకే నేనిట్టా నల్లంగా పుట్టా."
పిల్లలు నవ్వారు. ఆమె కూడా.

"ఎవరి దగ్గర్నించి పారిపొయ్యారవ్వా?"
అడిగింది శశికిరణ్.
వాడి ఇంటిపేరు నాకు తెలుసు.
ఆమెకు వాడి ముక్కు తెలుసు.
అల్లిక ఆపలేదు.
"మజ్జానం అన్నం తిన్నావా అబ్బయా?
తినొచ్చి అడుగు."
వాడు తిన్నాడు, మళ్ళీ అడగలేదు.
నేనూ చెప్పలేదు. పదమూడేళ్ళు గదా అనుకున్నా.
అది సాకేమో.

బస్సు కాడ అలవాటుగా
తలలు లెక్కపెట్టబోయాను.
పొద్దుగూకితే గుంత గట్టున మేస్త్రి చేసే పని అదేనని
అరగంట కిందట నేనే చెప్పి ఉన్నాను.
అందరి కళ్ళూ నా వేలి మీద.
వేలు దించేశాను.
"మీ పక్కనోళ్ళు వచ్చారో లేదో మీరే చూసుకోండి."
వెనక సీట్లలోంచి ఒకటే గోల,
పేర్లు, పేర్లు,
ఇంకా ఎక్కని ఎవరినో పిలుస్తా.