గండికోటకు పట్టుకెళ్ళిన సుత్తి

ముప్పై రెండేళ్ళుగా ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టాం.
గౌహతి పోయే చేపల లారీకి,
కాశ్మీరు నుంచి ఆపిల్ తెచ్చే లారీకి
వెనక తలుపు మీద నెమలిని మేమే దించాం.
మేం మటుకు, పెళ్ళికో చావుకో తప్ప,
బెంజి సర్కిల్ దాటి ఎటూ పోలేదు.

కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం
షెడ్డు వెనక తుప్పు పట్టిన మెటాడోర్ కేసి చూసి
యేసోబు అన్నాడు:
"దీన్ని మన కోసం కడదాం."

మూడు ఆదివారాలు పట్టింది.
సీట్లు పీకి పరుపులు వేశాం.
గుంటూరు మిర్చియార్డులో పాత పట్టా కొన్నాం,
ఎండకి పరదా, రాత్రికి డేరా.

సుభానీకి వినపడక ఏడేళ్ళు.
రేకు మీద సుత్తి పడీ పడీ
వాడి చెవుల్లోంచి బెజవాడ మొత్తం జారిపోయింది.
పలక మీద సుద్దతో రాశాను: గండికోట.
కింద వాడు రాశాడు:
డీజిలెంత?

శుక్రవారం రాత్రి వారధి దాటాం.
కింద కృష్ణ సగం నీళ్ళు, సగం ఇసక.
గుంటూరు దాటాక కూడా తుమ్ములే,
పట్టాలో దాగిన కారం గాలికి లేచి.
వినుకొండ దగ్గర టైరు పేలింది.
ముగ్గురు మెకానిక్కులం,
స్టెప్నీ మర్చిపోయాం.
గిద్దలూరు దాటాక రేడియేటరు మరిగితే
మా తాగే నీళ్ళు దానికి పోశాం.

రోహిణిలో రోళ్ళు పగులుతాయని
నాయనమ్మ అంటే సామెత అనుకున్నా.
పెన్న ఒడ్డున నిలబడితే తెలిసింది,
ఆ పగిలిన రోలు ఎంత పొడవో.
ఎర్రబండ, దాని మీద బండ, దాని మీద ఇంకో బండ.
పేర్చినవాడెవడో
వెల్డింగు పెట్టడం మర్చిపోయి
టీకి వెళ్ళినట్టుంది.
అడుగున పచ్చటి నీళ్ళ చార,
ఈ కోతంతా తనదే అయినా
ఏమీ ఎరగనట్టు పాకుతోంది.

డేరా మేకు దిగలేదు.
బండలో ఎలా దిగుతుంది?
అయినా కొట్టాను. ఖంగ్.
అవతలి గట్టు నుంచి ఖంగ్.
ఇంకోటి కొట్టాను. ఇంకోటి వచ్చింది.
అక్కడో షెడ్డుంది,
అందులో నా ఈడువాడే ఒకడు
నాకు కొద్దిగా వెనకబడి
సెలవు రోజు కూడా పనిచేస్తున్నాడు.

"వాడికీ ఓనరు జీతం ఆపుంటాడ్రా,"
యేసోబు పొట్ట పట్టుకుని నవ్వాడు.
సుభానీ మా నోళ్ళ కేసి చూశాడు.
పలక బండిలో ఉంది.
ఉన్నా, ఏమని రాస్తాను?

వాడి అరచెయ్యి తీసుకుని
బండి రేకుకి ఆనించి కొట్టాను.
తల అడ్డంగా ఊపాడు.
ఇంకా గట్టిగా.
లేదు.
మా మనసు కోసం అబద్ధమాడే రకం కాదు వాడు.

అప్పుడు సుత్తి లాక్కున్నాడు.
ఒక్కటి వేసి
బండని కాదు, లోయని కాదు,
మా ఇద్దరి మొహాల్ని చూశాడు.
మా కళ్ళు అవతలికి తిరిగిన క్షణాన
చూపుడువేలు లేపాడు:
వచ్చింది.
మళ్ళీ కొట్టాడు. మళ్ళీ వేలు.
పొద్దు గుంకేదాకా కొడుతూనే ఉన్నాడు,
మేకు వంకరపోయింది.

డేరా తాళ్ళు బంపరుకి కట్టుకుని పడుకున్నాం.
నిద్ర రాలేదు.
లేత్ లేదు, గ్రైండర్ లేదు, హారన్ లేదు,
అంత నిశ్శబ్దం నాకూ యేసోబుకీ కొత్త.
పక్కన సుభానీ
తన ఇంట్లో పడుకున్నవాడిలా
గుర్రు పెడుతున్నాడు.

సోమవారం మళ్ళీ షెడ్డు.
డీజిల్లో సుభానీ వాటా ఇంకా బాకీ.
నాలుగో లైన్లో ఎవరో రేకు సాపు చేస్తున్నారు.
ఒక్క దెబ్బ పడింది.
నా తల దానంతటదే
లేని గట్టు కేసి తిరిగింది.

ఎదురుగా కూర్చుని బోల్టు బిగిస్తున్న సుభానీ
నన్ను చూసి
గ్రీజు వేలు లేపాడు.