ఎటు చెంప

తెలావిలో నా స్టూడియోకి ఉత్తరాన ఒకటే కిటికీ.
అందులో దూరంగా మంచుకొండలు, దగ్గరగా నేను ఆరేసిన తువ్వాళ్లు.
పిల్లలొచ్చే రోజు దీపాలన్నీ ఆర్పేస్తాను.
ఫ్లాష్ మెరిస్తే ఉలిక్కిపడతారని కాదు,
ఆ తర్వాత గంటసేపు
మళ్లీ ఎప్పుడు మెరుస్తుందా అని
దాన్నే చూస్తూ కూర్చుంటారని.

నేలమీద బోర్లా పడుకుంటాను.
యాభై రెండేళ్ల మోకాళ్లు నన్ను తిట్టుకుంటాయి.
మూడేళ్లవాడి కళ్ల ఎత్తుకు దిగకపోతే
ఫోటోలో నడినెత్తి సుడి తప్ప ఏమీ రాదు.
నవ్వమని చెప్పను.
చెప్తే పళ్లు చూపించి నవ్వు దాచుకుంటారు.
"ఈ లెన్సు వాసన చూడు, ఉల్లిపాయలా లేదూ?" అంటాను.
ముందు ముక్కు వస్తుంది, దాని వెనకాలే కళ్లు.
అప్పుడు నొక్కుతాను.

గెగా అనే బుడ్డోడు
లెన్సుని నిజంగానే నాకాడు.
వాడి చీమిడి చుక్క పన్నెండు ఫోటోల్లో వెలిగింది.
తుడవలేదు.

రంగులు రాత్రిపూట తీస్తాను.
వాడి చొక్కామీద ఎర్ర ట్రాక్టరు,
వెనక మా అత్త కుట్టిన ఆకుపచ్చ తెర,
సంతలో బేరగాళ్లలా అన్నీ ఒకేసారి అరుస్తుంటాయి.
ఒక్క నొక్కు.
సంత ఎత్తేశారు.
మిగిలింది వాడూ,
తుమ్మబోయే ముందు వాడి మొహం మీద ఆగిన ఆలోచనా.

ఒక్క నొక్కు అన్నానుగానీ, అంత తేలికేం కాదు.
ఒక్కో రంగుకి ఒక్కో మీట.
పులుసులో ఉప్పు చూసుకున్నట్టు చూసుకోవాలి.
ఎరుపు పెంచితే చర్మం పాలమీగడ.
తగ్గిస్తే ముక్కుమీది చిన్న చిన్న మచ్చలన్నీ
ఆవాలు చల్లినట్టు లేచొస్తాయి.

తెక్లెకి నాలుగేళ్లు.
ఎడమ కంటి కిందనుంచి దవడ దాకా
ద్రాక్షసారా ఒలికినట్టు పుట్టుమచ్చ.
వాళ్లమ్మ ఖాతూనా పిల్లని కూర్చోబెట్టి
గడ్డం పట్టుకుని మొహం గోడవైపు తిప్పింది.
"నలుపు తెలుపైతే కనపడదటగా,"
నాకు మాత్రమే వినపడేట్టు.
తెక్లె ఉల్లిపాయ వాసన కోసం
మొహమంతా నావైపు తిప్పేసింది.

మర్నాడు సాయంత్రం ఖాతూనాని పక్కన కూర్చోబెట్టుకుని
ఎరుపు మీట పైకి జరిపాను.
సారా ఆరిపోసాగింది.
ఇంకాస్త.
చెంప కడిగిన పళ్లెంలా అయింది.
ఆమె ఊపిరి వదలడం వినిపించింది.
ఆ తర్వాత,
"నోరేది?" అంది.

పెదవులూ పోయాయి.
ఆ రెండూ ఒకే ఇంటి రంగులు మరి,
ఒకరిని గెంటేస్తే రెండోవాళ్లు ఆగరు.
మీట కిందికి దించాను.
నోరొచ్చింది. నోటివెంట అదీ వచ్చింది.
పెదవులు విడిగా దిద్దొచ్చు.
ఆ విద్యా నాకొచ్చు.
చెప్పలేదు.

ద్రాక్షరసంలో ముంచిన అక్రోటు దండ నములుతూ
తెక్లె మా ఇద్దరి మధ్యా దూరింది.
"నా పసుపు బూట్లేవి?"
ఒక బూడిదరంగు చూపించి ఇవేనన్నాను.
నమ్మేసింది.
తర్వాత జిగట వేలు తెచ్చి తెరమీద,
సరిగ్గా అక్కడే, ఆనించింది.
ఖాతూనా బిగుసుకుపోయింది.

"తప్పు పెట్టావు," అంది తెక్లె నాతో.
"ఇది అటు కదా ఉండేది!"

నాకూ కాసేపు పట్టింది.
స్టూలెక్కి జడ వేయించుకునేటప్పటి అద్దం.
తన మొహం తనకి
ఇన్నాళ్లూ అటునుంచే తెలుసు.
ఫోటోని అద్దంలోలా తిప్పాను.
"ఆఁ," అంది, అంతే,
మళ్లీ అక్రోటు.

ఖాతూనా లేచి కోటు తొడుక్కుంది,
ఒక చెయ్యి మాత్రమే.
రెండో చెయ్యి ఖాళీగా వేలాడుతుండగా అడిగింది:
"ఇంకొకటి తీస్తారా?
ఆ రోజు పిల్లని గోడవైపు తిప్పింది నేనే."

కిటికీలో కొండలు అప్పటికే మాసిపోయాయి.
వెలుతురు లేదన్నాను.
గురువారం పొద్దున్నే రమ్మన్నాను.