అయస్కాంతం

బరంపురం, పాత పట్టు గోదాం.
గోడలకి రబ్బరు తొడిగి రైఫిల్ క్లబ్బు చేశారు.
కిటికీకి ఇవతల నేను.
మా అమ్మ కండెలు లెక్కపెట్టిన చోటే
తూటాలు లెక్కపెడతాను, ఒడియాలో;
తప్పితే తెలుగులో తిట్టుకుంటాను.

పాయింట్ టూ టూ, మెత్తటి సీసం, అంతే.
యాభై ఇస్తే యాభై డొల్లలు వెనక్కి రావాలి.
పేలనిది ఎర్ర డబ్బాలోకి. జేబులోకి మాత్రం కాదు.
బయటి సరుకైతే ముందు ఈ అయస్కాంతం;
మగ్గం మీద తెగిన పట్టుదారానికి
వేలాడదీసుకున్నాను.

మొన్న ముసురులో బెహరా గారి చిన్నమ్మాయి, లిపిక,
రుమాలు ముడి విప్పి ఒక్క తూటా పెట్టింది.
"నాన్నది. కొరాపుట్ డ్యూటీ నుంచి
ట్రంకు పెట్టెలో వచ్చింది.
ఒక్కసారి పేల్చనీ, మామా."

మన గొట్టంలో అది దూరదని
తనకీ తెలుసు, నాకూ తెలుసు.
అయినా దారం వదిలాను.
ఊగింది, ఊగింది,
టక్కున కరుచుకుంది.
లోపల ఉక్కు.

రూలు గోడమీద మూడు భాషల్లో ఉంది.
వేలు పెట్టి చూపించాను. అటు చూడలేదు.
రిజిస్టరు తిప్పి ఇచ్చాను:
ఒకటి. ఠాణాకి అప్పగించవలసినది.
ఎవరిది అన్న గడిలో
నాన్న పేరు తనే రాసింది,
గుండ్రంగా, గీత దాటి పక్క గడిలోకి.

తర్వాత తన యాభై తను కాల్చుకుంది.
పళ్లెంలో డొల్లలు ఇంకా వేడిగా ఉన్నాయి.
నలభై తొమ్మిది.

రుమాలుకి మళ్లీ ముడి పడి ఉంది.

యాభై అని రాశాను,
ఈసారి తెలుగులో.