వీపు మీద పది మళ్ళు

అనంతపురం పెద్దాసుపత్రి, చర్మం ఓపీ.
డాక్టరుది గోదావరి ఒడ్డు. వచ్చి వారమే.
"నవ" అంది తిప్పక్క.
"నవ్వా? ఎందుకొస్తోందండీ?" అన్నాడాయన.
వరసలో అందరూ నవ్వినారు.
ఆమె మెడ గోక్కుంది.

చీటీలు రాసే పని నాది.
ఎడమ గడిలో వాళ్ళ మాట,
కుడి గడిలో ఆయన మాట.
ఇటు తామర, అటు టీనియా.
ఇటు సర్పి, అటు హెర్పిస్.
మంగు మచ్చలైతే మెలాస్మా.
పులిపిర్లకు వర్రూకా అని రాసి
కింద: కరెంటుతో కాల్చవలెను.
బొల్లికి మాత్రం ఎడమ గడి ఖాళీ.
ఆ మాట ఎవరూ నోట రానీరు,
పిల్ల చెయ్యి బల్ల మీద పెట్టి
తల్లి గోడ గడియారం చూస్తది.

తిప్పక్కది బెళుగుప్ప దగ్గర, మూడెకరాల చెనక్కాయ.
మొగం, మెడ, మోచేతి మడతలు
పాత చెప్పు తోలంత మందం, అంత నలుపు.
రవిక కప్పిన కాడికి మామూలు తోలే.
మధ్యలో గీత గీసినట్టు.
ఆ గీతనే ఆయన చాలాసేపు చూసినాడు.
"లైకెనిఫికేషన్" అన్నాడు.
కుడి గడి చాల్లేదు నాకు.

"కాంటాక్ట్ డెర్మటైటిస్ కావచ్చు. ప్యాచ్ టెస్ట్ చేద్దాం."
ఆమె ఆయన్ని అడగలేదు, నన్ను చూసింది.
వీపు మీద పది మళ్ళు కడతారక్కా, అన్నాను,
మడికొక మందు చుక్క,
నికెల్‌ది, సిమెంటుది, సెంటుది, కలుపుది.
రెండ్రోజులు నీళ్ళు తగలగూడదు.
ఏ మడి మొలిస్తే
నీకు పడంది అదే.

"నీళ్ళు తగలగూడదా?"
ఈసారి నిజంగానే నవ్వు.
"మా చేనుకి అలవాటే గదా నాయనా."

శుక్రవారం మొదటి బస్సుకి వచ్చింది.
రెండు రాత్రులు బోర్లా పండుకున్నాదంట,
మనవరాలు ఇసనకర్రతో ఇసిరిందంట.
నర్సు టేపు లాగింది.
తొమ్మిది మళ్ళు బీడు.
పదోది ఎర్రగా, నీటి పొక్కులతో,
ఈ ఏడు ఆమె చేన్లో ఏదీ మొలవనంత బాగా
మొలిచింది.

ఆయన వేలితో తడిమి
మూడు ప్లస్సులు వెయ్యమన్నాడు.
"పార్థీనియం."
ఎడమ గడికి నేనే చెప్పినాను: వయ్యారిభామ.
"దాని వయ్యారం తగలెయ్య" అంది తిప్పక్క,
"పదిహేనేళ్ళు ఈ చేతుల్తోనే పీకినా."

"అది ఉన్న చోటికి వెళ్ళొద్దమ్మా."
"లేని చోటు యాడుండాది సార్?
గట్టు మీద అదే, రోడ్డెంబడి అదే,
మీ గోడ పక్కన సూడు."
ఆయన లేచి కిటికీ తీసినాడు.
తెల్ల పూలు, నడుమెత్తు, గాలికి ఊగుతా.
కిటికీ మూసినాడు.

స్టోరులో ఆ ట్యూబు లేదు.
బయట కొనమని రాసిచ్చినాను.
ఆమె చీటీని నాలుగు మడతలు పెట్టి
రవికలో, తోలు బాగున్న కాడ,
దోపుకుంది.