పెదవి నేర్చుకున్న పని

ఎమ్మిగనూరు బస్సులో నా ఒళ్ళో ఒక జాబితా.
అరవై రెండు పేర్లు.
ఇరవై ఆరేళ్ళ కింద కర్నూలు పెద్దాసుపత్రిలో
నయమైంది అని రాసి, పురికొస కట్టి,
బీరువా మీదికి విసిరేసిన పేర్లు.
చచ్చినవాళ్ళ లెక్క మా దగ్గర సరిగ్గానే ఉంది.
బతికినవాళ్ళే దొరకడం లేదు.

కోడుమూరు దాటినాక దుమ్ము లోపలికొచ్చి
పేర్ల మీద కూర్చుంది. ఊదినా.
పదకొండోది బయటపడింది:
నీలకంఠప్ప, వయసు పద్నాలుగు, మెడలో గడ్డలు.

ఇప్పుడు నలభై. గుంతమగ్గం.
నడుము దాకా నేలలో, మిగతాది వెలుతురులో.
"యాడ్నుంచి వస్తివమ్మా?"
కర్నూలు నుంచి. మీరెట్లున్నారో అడగడానికి.
నాడె ఆగింది.
"ఇన్నేండ్లు ల్యాక ఇప్పుడెందుకు? మల్లా వచ్చిందంటనా?"
లేదన్నా. రాకుండా ఉన్నోళ్ళు
ఎట్లుంటారో తెలుసుకుందామని.
ఆయన నవ్వినాడు. వాళ్ళమ్మ నవ్వలేదు.

చేటలో కొర్రలు చెరుగుతా చెప్పింది ఆమె:
"ఎర్రమందమ్మా. సీసాలో రంగునీళ్ళ మాదిరుండె.
ఎక్కించిన పొద్దు పిల్లోని ఉచ్చ ఎర్రగా పోతే
వరండా బండల మీద కూలబడి ఏడిస్తి.
నర్సమ్మ వచ్చి, నెత్తురు కాదులేవ్వా, మందు రంగే అనె.
నూలుకు రంగేసేటోళ్ళం మేం.
కచ్చా రంగేమో, రెండుతుకులకు పోతాదిలే అనుకుంటి."

కచ్చా కాదవ్వా.
గడ్డను కరిగించిన ఆ రంగే
కొందరి గుండె కండకు కాస్త అంటుకుని
పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు చప్పుడు లేకుండా ఉంటుందని
పుస్తకాల్లో ఇప్పుడిప్పుడే గట్టిగా రాస్తున్నారు.
ఇది చెప్పడానికే బస్సెక్కినా.
చెప్పలేక ఫారం తీసినా.

మెట్లెక్కితే ఆయాసమా?
"మాకు మెట్లు యాడివి. గుంతలోంచి లేస్తే ఉంటాది."
సాయంత్రానికి కాళ్ళు ఉబ్బుతాయా?
"చెప్పులు బిగుతైతాయి."
పిల్లలు?
మగ్గం దిక్కు చూసినాడు. ఆ గడి వదిలేసినా.
వేళ్ళలో తిమ్మిరి?

జవాబు రాలేదు. అప్పుడే పోగు తెగింది.
తెగిన కొస పట్టి, బొటనవేలితో తడమకుండా
వంగి
కింది పెదవికి ఆనించుకున్నాడు.
"ఇది ఎనభై నంబరు. నూరుకు అతకదు," అన్నాడు
ఇంకో కండె అందుకుంటా.

"వేళ్ళు ఆ పొద్దే పాయనమ్మా. చొక్కా గుండీ కూడా
చూసి పెట్టుకోవాల్సిందే.
చేతికి పోగు తెలియనోడు మగ్గమెందుకెక్కాలని
మా నాయన కండెతో కొట్టేటోడు.
యాడాదికి ఈ పెదవి నేర్చుకున్యాది."

సూదిమందు వల్లన్నా, అన్నాను. చేతుల తప్పు కాదు.
ఆయన రెండు చేతులూ
ఎవరివో అయినట్టు తిప్పి చూసుకున్నాడు.
"మందు వల్లనా."
మళ్ళీ అన్నాడు. "మందు వల్లనా.
మొద్దు చేతులని నేనే తిట్టుకుంటినే, ఇన్నేండ్లూ."

అవ్వ చేట పక్కన పెట్టింది.
"ఆ మందు ఎక్కించకపోయుంటే?"
ఆ యాడాదే పోయుండేవాడవ్వా.
"అట్లయితే దాన్ని ఒక మాట అనను,"
అని, మళ్ళీ చెరగబట్టింది.

గురువారం గుండె స్కాను, డబ్బులేం ఒద్దు, రావాలన్నా.
"చీర కోసిచ్చి వస్తా. బుధవారానికి తెగుతాది."
వస్తాడో రాడో.

ఫారంలో అవును, కాదు, తెలియదు, మూడే గడులు.
పెదవికి గడి లేదు.
మార్జిన్లో రాసినా, బస్సు కుదుపుకు వంకరగా.
చీకటి పడినాక దుపట్టా కొస పోగు ఒకటి లాగి
పెదవికి ఆనించి చూసినా.
మెత్తగా ఉంది, అంతే. నంబరు తెలియలేదు.

పన్నెండో పేరు ఆలూరు.
వయసు తొమ్మిది అని ఉంది.