గమ్మున

నిశ్చల్ అని పేరు పెట్టింది వాళ్ళ అవ్వ.
ఒకటో తరగతంతా ఆ పేరుకు మేము నవ్వుకుంటిమి.
బలపం చేతిలో ఉంటే చూపు కిటికీలో.
కిటికీ అవతల చిత్తూరు బైపాసు రోడ్డు,
జ్యూస్ ఫ్యాక్టరీ దాకా బారుగా
తోతాపురి కాయల లారీలు.
ఏడుకు ఐదు కలిపితే ఎంతరా అని నేనడిగితే
"మేడం, పద్నాలుగో లారీకి పట్ట కప్పలేదు" అనేవాడు.

గమ్మునుండరా.
పొద్దున నేను, పదకొండుకు హెచ్చెమ్,
అన్నాల బెల్లుకు వంట రెడ్డెమ్మ.
ఆటలో పిలకాయలు మాత్రం ఆ మాట గూడా అనరు,
"నువ్వొద్దు పో, నీ వంతొచ్చే దాకా ఆగవు" అంటారు.
ఇంటికాడ వాళ్ళ నాయన దొరవేలు,
రాత్రి షిఫ్టు చేసొచ్చి పండుకున్న మనిషి,
కండ్లు తెరవకుండానే:
గమ్మునుండరా.
రోజుకు ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు.
లెక్కపెట్టడం వాడి పని.

రెండో తరగతి, జూలైలో
వాడు గమ్మునైపోయినాడు.

కూర్చోబెట్టిన చోటే కూర్చున్నాడు.
పెన్సిల్ కింద పడితే వంగలేదు.
గుడ్డు పెట్టిన రోజు
పొట్టు కూడా తీయకుండా పక్కోడికి ఇచ్చేసినాడు.
లారీలు పోతా ఉంటే
వీపు అటు తిప్పినాడు.
ప్రోగ్రెస్ కార్డులో నేను
నీలి ఇంకుతో, గుండ్రటి అక్షరాలతో
"ప్రవర్తన బాగా మెరుగుపడినది" అని రాస్తిని.
కింద సంతకం పెడితిని.

ఆ కార్డు పట్టుకోని వచ్చింది వాళ్ళమ్మ గజలక్ష్మి.
గోళ్ళ సందున ఇంకా మామిడి పసుపు.
"రాత్రి వీడొక మాట అడిగినాడు మేడం,
నేను లేకుంటే నాయన బాగా నిద్రపోతాడా, అని."

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
చూపు నిలవని బిడ్డలోకి
దిగులు ఏ దోవన దూరుతుందో,
దిగులు దూరినాక
ఉండే కాస్త చూపు ఎట్లా ఆరిపోతుందో
ఓపిగ్గా చెప్తా ఉంటే
గజలక్ష్మి మధ్యలో అడిగింది:
"ఏడేండ్లకు దిగులేంది మేడం,
వాడికేమన్నా అప్పులుండాయా?"
ఎవరమూ నవ్వలేదు.
ఉండాయేమో.
మేమే వాడి పేరున రాసింటిమేమో.

సోమవారం వాడి బెంచీని కిటికీ పక్కకు జరిపితిని.
"నిన్న ఎన్ని లారీలురా?"
జవాబు లేదు.
మంగళవారమూ లేదు.
బుధవారం తుంపర.
నీవా నదిలో నీళ్ళు ఎందుకు రావో
నేను బోర్డు మీద గీత గీసి చెప్తా ఉంటే
బెంచీ కింద చెప్పులేని కాలొకటి
రెండుసార్లు ఊగింది.
మళ్ళీ ఆగింది.
చాక్‌పీసు పట్టుకోని అట్లే నిలబడితిని.
పాఠం యాడ విడిచిపెట్టినానో
నాకే తెలీకపాయె.